గొడుగు ఊచలు

హలో, వినిపిస్తోందా? అన్నలకీ అక్కలకీ అందరికీ సలాం. చేతిలో పని రెండు నిమిషాలు పక్కన పెట్టండి. సదఖా, అదే దానం, జేబు బరువున్నవాళ్ళ పని అనుకునేవాళ్ళు మరీ ముఖ్యంగా వినండి.

బెకాసీ అనే ఊళ్ళో కాలవ గట్టు రోడ్డు మీద కస్మిన్‌ది పంక్చర్ షాపు.

ఆ పొద్దున తెల్లవారి నమాజు అయి జనం ఇంకా మసీదు మెట్లు దిగుతున్నారు. ఎవరో కొత్త ముసలాయన పాత సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

సైకిలు హ్యాండిలుకి ఒక డబ్బా, వెనక తాడు. తాడు చివర పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం. అది రోడ్డు మీద గరగరమంటూ ఈడ్చుకొస్తోంది.

"ఏం తాతా, రోడ్డు మీద చేపలు పడుతున్నారా?" అన్నాడు కస్మిన్.

"అవును బాబూ. నీ షాపు ముందే బాగా పడుతున్నాయి."

ముసలాయన అయస్కాంతం పైకెత్తి చూపించాడు. అంగుళం పొడుగున కోసిన గొడుగు ఊచలు, ముళ్ళపందిలా నిక్కబొడుచుకుని ఉన్నాయి.

కస్మిన్ చూడగానే గుర్తుపట్టాడు.

అవి షాపు వెనక కూర్చుని తను కోసినవే. బేరం కోసం తను చల్లినవే.

నెల తిరిగేసరికి, గాలి కొట్టించుకునేవాళ్ళు తప్ప షాపు గడప తొక్కేవాళ్ళు లేరు. ముసలాయన మాత్రం ఒక్క పొద్దు తప్పడం లేదు.

ఒకరోజు జుహ్రో బైకు తోసుకుంటూ వచ్చింది. బైకు మీద మనుషుల్ని దించుతూ బతికే మనిషి. నోరు గట్టిది.

"వెనక కడుపుతో ఉన్న పిల్ల కూర్చుంది కస్మినన్నా. జానెడులో తప్పింది, లేకపోతే ఇద్దరం కాలవలో ఉండేవాళ్ళం. ఈ ఊచలు చల్లేవాడు దొరకనీ, వాడి ముక్కుకే గుచ్చుతా."

కస్మిన్ తలెత్తలేదు. "ఆ సైకిలు తాత డబ్బాలో ఏముందో ఎప్పుడైనా చూశావా?" అన్నాడు.

అంతే. మర్నాడు మసీదు గేటు దగ్గర ముసలాయన్ని ఆపారు. డబ్బా మూత తీశారు. రెండు దోసిళ్ళ గొడుగు ఊచలు.

"ఇంకేం కావాలి? సరుకుతో సహా దొరికాడు," అంది జుహ్రో.

"ఏ ఊరు మీది? ఇక్కడేం పని?" అని అడిగారు ఇమాం హాజీ ముక్సిన్.

"దారిలో గుచ్చుకునేదాన్ని తీసెయ్యడమూ సదఖానే అని శుక్రవారం మీరే చెప్పారు హాజీగారూ. ఇద్దామంటే నా దగ్గర బియ్యం లేవు, డబ్బు లేదు. ఇదే ఇస్తున్నా."

"మరి చల్లేదెవరో కూడా చెప్పు," అంది జుహ్రో.

ముసలాయన ఒక్కసారి కస్మిన్ వైపు చూశాడు.

"ఏరడమే నా పనమ్మా. పేర్లు చెప్పడం కాదు."

"చూశారా, మాట దాటేస్తున్నాడు," అన్నాడు కస్మిన్, అందరికన్నా గట్టిగా. తాడు తెంపి అయస్కాంతాన్ని కాలవలోకి విసిరిందీ అతనే.

"రేపు ఈ రోడ్డు మీద కనిపిస్తే బాగుండదు," అన్నారెవరో.

"కనిపిస్తా." ముసలాయన గొంతు పెంచలేదు. "రేపూ వస్తా. ఎల్లుండీ వస్తా. అయస్కాంతం పారేశారు, సరే. ఈ పది వేళ్ళూ ఎక్కడ పారేస్తారు?"

మర్నాడు వచ్చాడు. షాపు ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో ఏరాడు.

కస్మిన్‌కి పంతం పెరిగింది. రెట్టింపు చల్లాడు.

ముసలాయన ఎండెక్కేదాకా ఏరాడు. వెళ్తూ వెళ్తూ షాపు ముందు ఆగాడు.

"నువ్వు చల్లు బాబూ. నేను ఏరతా. ముందు ఎవరి నడుం పట్టేస్తుందో చూద్దాం."

కస్మిన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరికైనా చెప్తారా?"

"నీకు చెప్తున్నాగా. చాలదూ?"

రెండు వారాలు ఇలాగే సాగింది. ఒక శుక్రవారం ముసలాయన రాలేదు. శనివారమూ రాలేదు.

కస్మిన్ గెలిచాననుకున్నాడు. అయినా మాటిమాటికీ రోడ్డు వైపే చూశాడు.

ఆదివారం మధ్యాహ్నం నమాజు వేళకు మసీదు ముందు ఒక చిన్న ట్రక్కు ఆగింది. అందులో జనాజా, పాడె మీద శవం. పక్కన ఒక ఆడమనిషి, ఒళ్ళో ఆ డబ్బా.

"మా నాన్న," అందామె. "వేలికి ఊచ గుచ్చుకుని విషమించింది. జనాజా నమాజు ఈ మసీదులోనే చేయించమన్నాడు. రేపూ వస్తానని మీకు మాటిచ్చాడట."

జుహ్రో తల మీది ముసుగు లాగి నోటికి అడ్డం పెట్టుకుంది.

నమాజు అయింది. హాజీ ముక్సిన్ ఎప్పటి ఆనవాయితీలాగే జనం వైపు తిరిగారు. "ఈయన ఎలాంటి మనిషో సాక్ష్యం చెప్పండి."

ఎవరి జనాజాకైనా "మంచివాడు" అని అందరూ ఒక్క గొంతుతో అనేస్తారు. ఇవాళ ఒక్క గొంతూ లేవలేదు. అన్నీ ఆయన్ని తిట్టిన నోళ్ళే.

"మంచివాడు."

వెనక వరసలోంచి కస్మిన్. షాపు ఉండదని తెలుసు. ఈ రోడ్డు మీద మొహం ఎత్తుకు తిరగలేనని తెలుసు. అయినా ఆగలేదు.

"మంచివాడు. ఊచలు చల్లింది నేను."

బయట నిలబడ్డ జుహ్రో అతని మీదికి రాబోయింది. ముసలాయన కూతురు చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"నాన్నకి తెలుసు," అంది. డబ్బా తీసుకెళ్ళి కస్మిన్ చేతిలో పెట్టింది. "ఇదంతా మా తమ్ముడి పేరున చేసిన సదఖా. ఇక్కడ చేస్తే అక్కడ వాడికి చేరుతుందని నాన్న నమ్మకం. కిందటి రంజాన్‌లో కాలవ మలుపులో పడి చనిపోయాడు వాడు. వాడి బండి తోసుకుంటూ ఒక ముసలాయన మీ షాపుకొస్తే, టైరులోంచి గొడుగు ఊచ తీసి ఆయన చేతిలో పెట్టారే మీరు, ఆ ముసలాయనే మా నాన్న."

ఇదండీ. 'ఇవ్వడానికి నా దగ్గరేముంది' అనేవాళ్ళు మీ గ్రూపుల్లో ఒక్కరైనా ఉంటారు. ముందు వాళ్ళకి పంపండి. పంపేసి, బయటికెళ్ళినప్పుడు దారిలో మేకు కనిపిస్తే ఒక్కసారి నడుం వంచండి.