ఎడమవైపు ఒక పొర ఎక్కువ

బోర్లించిన కుండ చిన్నది. సుంకప్పకు అనుమానం వచ్చింది అక్కడే.

మిద్దె మీద ఎండలో ఉంది ఆ కుండ. దాని మీద ఆరుతున్నది నాటకంలో గదాయుద్ధానికి పెట్టుకునే టోపీ. పాత పేపర్లు, చింతగింజల జిగురు, మళ్లీ పేపర్లు, ఆ పైన పంచె పేలికలు. ఒక పొర ఆరాక ఇంకో పొర. అచ్చం సుంకప్ప చేసే పద్ధతే.

పెనుకొండ చుట్టుపక్కల సుంకప్ప పేరున్న దుర్యోధనుడు. తొడ విరిగి అతను పడిపోతుంటే ముక్కు చీదుకునే ఆడవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. హిందూపురంలో అద్దెకిచ్చే టోపీలు రెండు దెబ్బలకే సొట్టలు పోతాయని తన టోపీ తనే చేసుకోవడం నేర్చుకున్నాడు. తలకు తగిన కుండ ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా. అతని తలకు సంగటి కుండ కావాలి. ఇదేమో పెరుగు కుండ.

కిందికి దిగాడు. భార్య చౌడక్క వసారాలో చెనిక్కాయలు ఒలుస్తోంది.

"పైన ఆ టోపీ యాడిది?"

పలకలేదు. చౌడక్కకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. పోయిన ఉగాది నుంచి అంతే. సుంకప్ప కుడివైపుకు వచ్చి గట్టిగా అడిగాడు.

"నేనే చేసినా" అంది చౌడక్క.

"ఎవురికి?"

"కావాల్సినోళ్లకి."

తల ఎత్తలేదు. చేతులు ఆపలేదు.

సుంకప్పకు అది మింగుడు పడలేదు. ఇన్నేళ్ల కాపురంలో తన టోపీకి జిగురు ఉడికించి ఇవ్వడమే కానీ, ఒక్క పొర అంటించిన పాపాన పోలేదు ఈమె. అడిగితే "నాకు తీరిక యాడుండాది?" అనేది. ఇప్పుడు ఎవరి తల కోసమో తీరిక దొరికింది!

మళ్లీ మిద్దెక్కి టోపీని చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లతో కొట్టి చూశాడు. చెక్కలా టకటకమంది. పనితనం చూసేకొద్దీ కడుపు మండింది. లోపల సైకిల్ ట్యూబు ముక్కలు, వాటి మీద దూది. అంచు చెవుల కిందిదాకా దించింది. అది చాలదన్నట్టు ఎడమవైపు ఒక పొర ఎక్కువ వేసింది.

ఎడమవైపు!

సుంకప్పకు అంతా అర్థమైపోయింది. తనది కుడిచేతి వాటం. తను కొడితే ఎదుటివాళ్లకు తగిలేది ఎడమవైపే. నాటకంలో తనకు ఎదురు నిలబడేది ఒక్కడే, భీముడు. అంటే ధర్మవరంలో మగ్గం నేసే గోవిందరాజులు. సుంకప్ప చెయ్యి మరీ దురుసని ఊరూరా చెప్పుకుని ఏడ్చేది వాడే. పైగా వాడి తలకాయ కూడా చిన్నదే.

ఒక్కొక్కటే గుర్తొచ్చింది. రిహార్సల్‌కు వచ్చినప్పుడల్లా వాడు "అక్కా, రోంత మజ్జిగియ్యి" అంటూ వాకిట్లో చతికిలబడేవాడు. మొన్న వాడేదో మెల్లగా చెబుతుంటే చౌడక్క కొంగుతో కళ్లొత్తుకుంది. తను రాగానే ఇద్దరూ నోరు మూసుకున్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కాదూ! వాడు పరాయివాడు, పోనీ అనుకోవచ్చు. తాళి కట్టించుకున్న మనిషి ఇంత మోసం చేస్తుందా? సుంకప్పకు నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

టోపీని సంచిలో వేసుకుని ధర్మవరం బస్సెక్కాడు.

గోవిందరాజులు మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. "ఏమప్పా, చెప్పకుండా వచ్చినావు?"

సుంకప్ప టోపీ తీసి అతని చేతిలో పెట్టాడు. "పెట్టుకో."

"ఇది నాది కాదే!"

"పెట్టుకోమంటాండా!"

గోవిందరాజులు పెట్టుకోబోయాడు. నుదుటి పైనే ఇరుక్కుంది. ఎంత లాగినా కిందికి దిగలేదు. తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎడమవైపు మందం మీద అతని వేళ్లు ఆగిపోయాయి.

"ఎవురు చేసినారు దీన్ని?"

"చౌడక్క."

గోవిందరాజులు సుంకప్ప మొహంలోకి చూశాడు. తర్వాత టోపీని జాగ్రత్తగా సంచిలో పెట్టి ఇచ్చాడు.

"ఎవురి తలకో నీకు నిజంగా తెలీదా?"

"తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తా?"

గోవిందరాజులు వెనక్కి తిరిగాడు. వెళ్లి మగ్గంలో కూర్చున్నాడు.

అంటే ఇంకొకడున్నాడు! వాడెవడో గోవిందరాజులుకు కూడా తెలుసు. లోకమంతటికీ తెలుసు, కట్టుకున్న వాడికి తప్ప. బస్సులో కూర్చున్నంతసేపూ సుంకప్ప పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. ఏం తక్కువ చేశాడు తను? తిండి పెట్టలేదా, బట్ట కొనివ్వలేదా? జాతరకు పోతే గాజులు తేకుండా వచ్చాడా? వచ్చే వారం బుక్కపట్నంలో నాటకం. అన్ని ఊళ్ల జనం ముందు ఏ మొహం పెట్టుకుని మీసం తిప్పాలి?

ఇల్లు చేరేసరికి చౌడక్క పొయ్యి ముందు కూర్చుని ఉంది. సుంకప్ప చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి దూసుకుపోయి, సంచిలోంచి టోపీ బయటికి లాగాడు.

"ఈ పొద్దు చెప్పాల్సిందే. ఎవురి తలకు ఇది?"

చౌడక్క నెమ్మదిగా లేచి, అతని చేతిలోంచి టోపీ తీసుకుని, తన తలకు పెట్టుకుని, రెండు చెవులూ కప్పేదాకా సరిగ్గా కిందికి లాక్కుని, "ఊ, ఇప్పుడు కొట్టు" అంది.