సెలవులో దొరికే నంబరు

"రఘునందన్ గారూ, ఢిల్లీ వదిలి వెళ్లడానికి పర్మిషన్ అడుగుతూ, అడ్రస్ దగ్గర వ్యాన్ నంబరు రాశారేమిటి?" అన్నారు ఇంద్రాణి గారు. మా సెక్షన్‌కి కొత్తగా వచ్చిన ఆఫీసర్.

"కొండల్లో పదిరోజులూ అందులోనే ఉంటానండీ. వంటా పడకా అన్నీ అందులోనే. ఒక్కణ్ణే కదా."

"ఏప్రిల్లో కొండల మీద వాతావరణాన్ని నమ్మలేం."

"అవునండీ. పోయినేడు మనాలి దాటాక మంచు పడి నాలుగు రోజులు రోడ్డు మూసేశారు. వ్యాన్‌లోనే కూర్చున్నాను."

"అచ్ఛా. ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదండీ. సెలవు ఇంకా ఉంది."

ఆవిడ ఫారం మళ్లీ చూశారు. "అవసరమైతే ఫోన్ చెయ్యమని ఇచ్చిన ఈ నంబరు మన ఆఫీసుదే కదా. ఎవరిది?"

"నా సీటుదండీ. తొమ్మిదేళ్లుగా అదే రాస్తున్నాను. ఎవరూ అడగలేదు."

ఆవిడ రిసీవర్ తీసి ఆ నంబరు నొక్కారు. హాలు అవతల నా బల్ల మీద ఫోన్ మోగింది. పక్క సీట్లవాళ్లు తలెత్తలేదు. మోగుతూనే ఉంది. అలవాటు కొద్దీ వెళ్లి ఎత్తాను.

"రఘునందన్ స్పీకింగ్."

తన గది అద్దాల తలుపు వెనక ఆవిడ ఇంకా రిసీవర్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నారు.

"క్షేమంగా చేరారా?" అని అడిగారు.



"చేరానండీ," అన్నాను, ఇంకా బయల్దేరకుండానే.

రిసీవర్ పెట్టెయ్యబుద్ధి కాలేదు.