రెండు ఖాళీ గడులు

“నిలువు తొమ్మిది. కరెంటు, పరువు, మతి. మూడూ చేసే పని ఒక్కటే. రెండక్షరాలు.”

చదివేసేక శ్రీలలిత నాలిక్కరుచుకుంది. ఈ ఆధారం దాటేసి ఉండాల్సింది. కరెంటు పోతుంది, పరువు పోతుంది, మతి పోతుంది. ‘పోవు’. ఇంకో రోజైతే అత్తగారికంటే ముందే అరిచి చెప్పేసేది. ఈ రోజు మాట పెదవి దాటలేదు.

ఇందాక అమలాపురం నించి ఫోన్లో మరిది సుభాష్ అన్నదీ ఆ మాటే.

“నాన్నగారు పోయేరు వదినా.”

పొద్దున్నే తండ్రీకొడుకులిద్దరూ రాజోలు నించి బండి మీద అంతర్వేది బయల్దేరేరు. “గుడి దగ్గర గాజులు తెస్తాను. ఏ రంగు?” అని ఆత్రేయ వీధి గుమ్మంలో గుసగుసగా అడిగితే, మామగారు వింటున్నారని సిగ్గుపడి, “ఆకుపచ్చవి” అంది లలిత. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు.

“గుండెపోటు. అమలాపురం తీసుకొచ్చేం గానీ...” సుభాష్ వెక్కుతూ చెప్పేడు.

“మీ అన్నయ్య ఏరీ? ఫోన్ చేస్తే ఎత్తట్లేదు.”

“ఆసుపత్రి కాగితాలు చూస్తున్నాడు వదినా. ఫోను నా దగ్గరే ఉంది. మేం తీసుకొచ్చేదాకా అమ్మకి మాత్రం చెప్పకండి. మీరు ధైర్యంగా ఉండాలి.”

తండ్రి పోయిన పిల్లాడు తనకి ధైర్యం చెబుతున్నాడు అనుకుని లలిత ఏడుపు దిగమింగుకుంది.

చెప్పకపోవడం ఒక్కటే కాదు. మనిషిని ఇంటికి తెచ్చేక పొయ్యి వెలగదు. అన్నీ ముగిసేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. అత్తగారికి షుగరు. పొద్దుటి కాఫీ తప్ప ఇంకేం తీసుకోలేదు. వ్యాన్ వచ్చేలోగా, ఏమీ తెలియనివ్వకుండా, ఆవిడ చేత నాలుగు ముద్దలు తినిపించాలి. అందుకే కంచమూ, పేపర్లో గళ్ళ నుడికట్టూ పట్టుకుని వసారాలో ఆవిడ పక్కన కూలబడింది.

“తట్టిందాండీ?” అంది గుండె చిక్కబట్టుకుని.

“తట్టలేదే. వదిలేద్దాం. తరవాతిది చదువు,” అంది అత్తగారు కామాక్షి.

హమ్మయ్య అనుకుంది లలిత. ఒక్క గడి మిగిలిపోతే రాత్రి నిద్రపట్టని మనిషి ఇంత తేలిగ్గా ఎలా వదిలేసిందా అని ఆలోచించే స్థితిలో లేదు.

“ఒక మాటకి ఒక ముద్ద అత్తయ్యగారూ. పందెం. ముందిది తినండి.”

“పందెం ఇద్దరికీ ఉండాలి. నువ్వు తింటేనే నేను తింటాను.”

“నాకు ఆకల్లేదండీ.”

“నీకు లేకపోతే లోపలున్న వాడికి ఉండదేంటి? వేవిళ్ళని వంకలు పెట్టకు. ఇలా ఇయ్యి.” కంచం లాక్కుని పనసపొట్టు కూర కలిపి ముద్ద చేసి నోటికందించింది.

మనవడొస్తున్నాడని మామగారు వీధంతా చెప్పుకొచ్చిన సంబరం కళ్ళముందు మెదిలింది. మంచినీళ్ళు తాగితే గానీ ఆ ముద్ద దిగలేదు.

“అడ్డం పదకొండు. పెళ్ళికూతురు కట్టేది, మొండివాడు వదలనిది.”

“నువ్వే చెప్పు.”

“పట్టు! చీరా పట్టే, పంతమూ పట్టే.”

“తేనెది మరిచిపోయేవు. జ్వరమొస్తే నుదుటి మీద వేసే తడిగుడ్డా పట్టే.”

“ఒక్క మాట చేత ఇన్ని పనులు చేయిస్తే ఎలాగండీ పాపం?”

“ఇంటి కోడలి చేత చేయించట్లేదూ?” అంది అత్తగారు. హాస్యమే గానీ మొహంలో నవ్వు లేదు. “తిను.”

“మీరు తినట్లేదు.”

“తింటున్నానులే.”

పక్కింటి అచ్చాయమ్మ గోడ మీంచి తొంగి చూసింది. “కామాక్షమ్మగారండీ, ఇప్పుడే మా అబ్బాయి ఫోన్ చేసేడండి...”

లలిత గభాల్న వెనక్కి జరిగింది. అత్తగారి వెనక నించి, వద్దు వద్దని చేతులూపింది. అచ్చాయమ్మ లలితకేసి చూసి, చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

“తర్వాత రండి అచ్చాయమ్మగారూ. మా అమ్మాయి అన్నం తింటోంది,” అంది కామాక్షి గట్టిగా.

“ఆయ్,” అని ఆవిడ తల దించుకుని వెళ్ళిపోయింది.

గండం గడిచిందనుకుంది లలిత. పేపరు మళ్ళీ అందుకుంటే గళ్ళు అలుక్కుపోయినట్టు కనిపించేయి. ఏదో ఒకటి చదివింది. అత్తగారు ఏదో ఒకటి చెప్పింది. తప్పో ఒప్పో ఇద్దరూ చూసుకోలేదు.

“పెరుగన్నం కూడా తినేయి. మళ్ళీ రేపటిదాకా...” అని కామాక్షి ఆగిపోయింది.

“రేపటిదాకా ఏంటండీ?”

“రేపటిదాకా పెరుగు ఆగదు. పులిసిపోతుంది.”

ఆఖరి ముద్ద పెట్టి, తన కొంగుతోనే కోడలి మూతి తుడిచింది. ఆవిడ తిన్నది రెండు ముద్దలు కూడా లేదు. కంచం మాత్రం ఖాళీ అయింది. ఓడిపోయేననుకుంది లలిత.

కాలవ వంతెన మీంచి తెల్ల వ్యాన్ వీధిలోకి తిరిగింది. ఇంక దాచడానికి లేదు.

“అత్తయ్యగారూ, మీకో సంగతి చెప్పాలండీ. నేను మీ పక్కనే ఉంటాను. కంగారు పడకూడదు.”

కామాక్షి కంచం పక్కకి నెట్టేసింది. కోడలి తల గుండెలకి అదుముకుని, రెండు చేతులూ చుట్టూ బిగించింది. ఊపిరాడనంత గట్టిగా. పిచ్చితల్లి, ఇంకో నిమిషంలో ఎలా తట్టుకుంటుందో అనుకుంటూ, ఆ చేతుల సందులోంచి లలిత వీధిలోకి చూసింది.

వ్యాన్ గుమ్మం ముందు ఆగింది. వెనక తలుపు పట్టుకుని సుభాష్ దిగేడు.

ముందు సీట్లోంచి తలకి కట్టుతో మామగారు దిగేరు.