చేతి చలవ

ధన్‌మని మోగింది పైపు.

"మళ్లీ మొదలెట్టాడ్రా బాబూ వీడు!" అంటూ పంపు మెకానిక్ సగిందిక్ కాలి బూటు తీసి విసిరాడు.

పొట్టేలు బూటును పట్టించుకోలేదు. తల విదిలించుకుని, తీరిగ్గా నెమరు వేసుకోసాగింది.

మంగిస్తావ్ ఎడారిలో, ఆ చమురు బావి దగ్గర అందరికీ అలవాటైపోయిన గొడవే ఇది.

ఆ పొట్టేలు ఎవరిదో తెలియదు. మంచు తుఫానులో మంద నుంచి తప్పిపోయి, వెచ్చగా ఉందని పంపు షెడ్డులో దూరింది. చెవికి గుర్తు లేదు. మాదని అడగడానికి ఎవరూ రాలేదు. వంటమనిషి రిస్తీ దానికి రొట్టె ముక్క పెట్టి, 'చుట్టం' అని పేరు కూడా పెట్టింది.

చుట్టానికి ఉన్నది ఒకటే పాడు గుణం. షెడ్డులో నీళ్ల పైపు ఈల వేసిందంటే ఒళ్లు మండిపోతుంది. నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తుకొచ్చి, ఆ ఈల ఆగేదాకా పైపును కుమ్ముతుంది.

పైపు చిన్నదే గాని, దాని పని పెద్దది. తవ్వే గొట్టం గుండా బావిలోకి బురదను తోసే పంపు రెండు ఒంటెలంత ఉంటుంది. లోపల పిస్టన్లు రాసుకుని కాలిపోకుండా వాటి మీద నీళ్లు చల్లేది ఈ పైపే. పంపు వేడెక్కి ఆగిందా, బావిలో గొట్టం ఇరుక్కుపోతుంది. ఇక అందరూ మూటాముల్లే సర్దుకోవడమే.

చుట్టుపక్కల బావుల్లో పంపులు వారం వారం వేడెక్కి మొరాయిస్తుంటే, ఇక్కడిది మాత్రం చలికాలమంతా ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఏం మంత్రం వేశావన్నా దీనికి?" అని ఎవరడిగినా సగిందిక్ అరచెయ్యి చాపి చూపించేవాడు.

"మంత్రమేం లేదు. అంతా ఈ చేతి చలవ!"

నిజం చెప్పాలంటే, నూనె మార్చడంలోనూ గ్రీజు పెట్టడంలోనూ అతనికి వంక పెట్టలేం. ఆ పైపులో ఉండే నీళ్ల జల్లెడను విప్పి కడగడమంటేనే బద్ధకం. చల్లగా ఉన్న పంపును కెలకడమెందుకని వదిలేశాడు.

ఈ చేతి చలవ సంగతి పెద్ద ఇంజనీరు ఒరజ్‌బాయ్ చెవిన పడింది. వచ్చి చూస్తానని కబురు చేశాడు. చూసి మెచ్చితే అన్ని బావుల పంపులకూ సగిందిక్‌నే పెద్దను చేస్తాడట. అప్పుడు కాస్పియన్ ఒడ్డున పట్నంలో, పెళ్లాంపిల్లలతో కలిసి ఉండొచ్చు. ఏళ్ల తరబడి దాని కోసమే కాచుకుని ఉన్నాడు పాపం.

అక్కడి ఆచారం ప్రకారం, అంతటి అతిథి ముందు గొర్రె తలకాయ పెట్టకపోతే తల తీసేసినట్టే. చూస్తే, గొర్రెను తెచ్చే లారీ దారిలో దిగబడిపోయింది.

సగిందిక్ చూపు చుట్టం మీద పడింది.

"ఇంటికొచ్చిన చుట్టాన్ని కోస్తావా? నీకు చేతులెలా వస్తాయయ్యా?" అని రిస్తీ గయ్యిమంది.

"పేరు పెట్టుకుంది నువ్వు. నాకది పొట్టేలే."

"నీ సొమ్మేం తిందని?"

"ఆ పైపు చూడక్కా! సొట్ట మీద సొట్ట. పెద్దాయన చూస్తే నా పరువేం కాను?"

"నీ పరువు కోసం దాని ప్రాణం తీస్తావా?"

"మొన్న ఇంటికెళ్తే మా చిన్నది తలుపు తీసి, 'అమ్మా, ఎవరో వచ్చారు' అంది. ఇంకా ఇక్కడే పడుండమంటావా?"

రిస్తీ ఇక వాదించలేదు. కళ్లు తుడుచుకుంటూ పొయ్యి వెలిగించింది.

ఒరజ్‌బాయ్ వచ్చాడు. పంపు మీద చెయ్యి వేసి, "నిజంగానే చల్లగా ఉందే!" అని మురిసిపోయాడు.

భోజనాల దగ్గర తలకాయను ఆయన వైపు తిప్పి పెట్టారు. ఆయన మర్యాద తప్పకుండా చెవి కోసి పక్కవాళ్లకు పంచాడు.

"ఇప్పుడు చెప్పవయ్యా, ఏమిటి రహస్యం?"

"రహస్యమేముంది అయ్యగారూ! అంతా ఈ చేతి..."

షెడ్డులో పైపు ఈల వేసింది.

బల్ల చుట్టూ అందరూ నమలడం ఆపేశారు. అలవాటు కొద్దీ ధన్‌మనే మోత కోసం చూశారు.

మోత రాలేదు. ఈల ఆగలేదు. కాసేపటికి రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది.

అందరూ పళ్లేలు వదిలి పరుగెత్తారు. ముందుగా చేరిన సగిందిక్ పంపు మీద చెయ్యి వేశాడు.

"అమ్మోయ్!"

చలవ చెయ్యి బొబ్బలెక్కింది.

ఒరజ్‌బాయ్ రెంచీ అందుకుని పైపు మీద గట్టిగా ఒక్కటిచ్చాడు. లోపల ఇసుక జరజరా జారింది. ఈల ఆగి, పిస్టన్ల మీద నీళ్లు చివ్వున పడ్డాయి.

ఆయన పైపును తడిమి చూశాడు.

"సొట్టలన్నీ సరిగ్గా జల్లెడ దగ్గరే ఉన్నాయే! ఇసుక పట్టినప్పుడల్లా ఎవరో కొట్టి దులిపారన్నమాట. ఈ పంపును కాపాడుకొచ్చింది ఆ దెబ్బలేనయ్యా. నువ్వేనా కొట్టింది?"

సగిందిక్ చెయ్యి ఊదుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"మరి ఎవరి బుర్రకు తట్టింది ఈ ఉపాయం? ఆ బుర్రను నేను చూసి తీరాలి. నాతో పట్నం తీసుకుపోతాను!"



"ఇందాకే చూశారు కదయ్యా," అంది రిస్తీ తలగుడ్డ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "దాని చెవి మీరే కోసి పంచారు."