అరగంట దూరంలో అత్త

"ప్రసూనా, టికెట్లు దొరికాయోయ్! రేపే శాంటియాగో!" అంటూ కౌండిన్య వంటింట్లోకి వచ్చాడు. భూమికి అవతలి వైపున్న ఆ ఊరికి విజయవాడ నుంచి విమానం ఇప్పుడు అరగంటే. అక్కడ ఐస్‌క్రీం తిని, భోజనాల వేళకి ఇంటికొచ్చేయొచ్చు. పెళ్లయి నెలైనా కాని ప్రసూన గరిటె పట్టుకునే గిర్రున తిరిగింది.

ఆ సంబరంలోనే, అక్కడుండే రాజ్యం మేనత్తకి ఫోన్ చేసింది. "అత్తా, రేపు మీ ఊళ్లో ఐస్‌క్రీం తినడానికొస్తున్నాం!"

"రండమ్మా, ఎంతసేపు!" అని నవ్వింది అత్త. "నీ పెళ్లప్పుడూ ఈ విమానం ఉంది. బొట్టు పెట్టి పిలవడానికి వస్తావని రోజూ గుమ్మంలో ముగ్గేసుకుని చూశాను. అంత దూరం నుంచి శ్రమపడకు అత్తా అని మెసేజ్ పెట్టావు."

ఫోన్ పెట్టేశాక ప్రసూనకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊళ్లో ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టింది. చిన్నప్పుడు జడలు వేసి పెంచిన అత్తను మాత్రం దూరం పేరు చెప్పి వదిలేసింది.

"ఏ ఐస్‌క్రీం తిందాం?" కౌండిన్య ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

"అది తర్వాత," అంటూ ఆమె కుంకుమభరిణె తీసి సంచిలో పెట్టుకుంది. "రేపు ముందు అత్త గుమ్మం తొక్కుదాం. బొట్టు పెట్టి శ్రావణ మంగళవారం నోముకి పిలుస్తాను. ఎంత తిట్టినా సరే, వస్తాననేదాకా అక్కణ్ణుంచి కదలను."