నీళ్ళివ్వని లస్కరు గారు

"రేపట్నుంచి నువ్వు తూము దగ్గరికి వెళ్ళక్కర్లేదమ్మా. ఇక్కడే ఆఫీసులో ఉండు," అన్నారు ఇంజనీరు ఉదయభాస్కర్ గారు, కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే.

కాలవ మీద లస్కరుగా చేరి వెంకటదుర్గకి నాలుగు నెలలు. వేళకి తూము షట్టరు ఎత్తడం, దించడం, ఏ చేలకి ఏ రోజు నీళ్ళ వంతో ఆ రోజే వాటికి వదలడం ఆమె పని. ఆ సెక్షను మొత్తానికి ఆడ లస్కరు ఆమె ఒక్కర్తే.

"నేనేం తప్పు చేసేనండి?"

"తప్పని ఎవరన్నారు? నీ మేలు కోరే చెబుతున్నాను. ఎండలో గట్ల మీద తిరగడం దేనికి? ఫైళ్ళు అందిస్తూ, టీలు ఇస్తూ నీడపట్టున ఉంటావు."

మన దగ్గర ఆడవాళ్ళ మేలు కోరేవాళ్ళకి ఎప్పుడూ కొదవ లేదు. అలాంటివాళ్ళు ఇరవై రెండు మంది సంతకాలు పెట్టిన అర్జీ ఆయన బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని చదివి వినిపించారు.

'సదరు లస్కరు ఆడమనిషి అయినందున, నలుగురు మగవాళ్ళు గట్టు మీదకి వచ్చి గదమాయిస్తే భయపడి షట్టరు ఎత్తేయగలదు. అందువల్ల కాలవ చివరన ఉన్న శివారు చేలకి నీరందదు. కావున మగమనిషిని వేయవలెను.'

"ఎత్తేయగలదని రాసేరండి. ఎత్తేసిందని ఒక్కరైనా రాసేరా అండి?" అంది వెంకటదుర్గ. "ఆ సంతకాలన్నీ కాలవ మొదట్లో ఉన్న పై చేల వాళ్ళవండి. వంతు కాని రోజు నీళ్ళు అడిగి, నేను కుదరదంటే తిరిగెళ్ళినవాళ్ళండి."

"అలాగని కాగితం ఏదమ్మా? వాళ్ళ దగ్గర కాగితం ఉంది. నీ దగ్గరుందా?"

లేదు. నీళ్ళు ఇవ్వనన్నందుకు రసీదు ఎవరిస్తారు? ఆమె తూము తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. ఉదయభాస్కర్ గారు కలం తీసి ఉత్తర్వు రాయడం మొదలుపెట్టారు.

ఉత్తర్వు సగంలో ఉండగా ఒక పెద్దాయన కండువాతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. వెంకటదుర్గ చప్పున గోడవారకి జరిగింది. ఆయన ఆమె వైపు చూడనైనా లేదు.

"శనివారం కదండీ, బస్సు నిండా వాడపల్లి వెంకన్న గుడికెళ్ళే జనమే. నించునే వచ్చేనండి," అన్నారాయన. "ఫిర్యాదు ఇద్దామనండి. ఆ లస్కరు గారి మీదే."

చూశావా అన్నట్టు ఇంజనీరు గారు వెంకటదుర్గ వైపు చూశారు. "చెప్పండి."

"పేరు సత్యనారాయణమూర్తండి. మాదీ పై చేనే, ఎకరన్నర. దాళ్వా వరి పొట్ట మీదుందండి. నేల నెర్రెలిచ్చేసింది. నిన్న పొద్దున్న గట్టు మీదకెళ్ళి, ఒక్క గంట షట్టరు ఎత్తమని అడిగేనండి. మీ వంతు ఎల్లుండి అన్నారండి లస్కరు గారు."

"తర్వాత?"

"నోటికొచ్చినట్టు తిట్టేనండి. ఆడదానివి, నీకింత పొగరేంటన్నాను. షట్టరు చక్రం పట్టుకుని నేనే తిప్పబోతే అడ్డంగా నించున్నారు. ఆఖరికి దండం పెట్టేనండి. అప్పుడూ ఇవ్వలేదండి."

"నిజమేనా?" అని ఇంజనీరు గారు వెంకటదుర్గని అడిగారు.

"ఆయ్, నిజమేనండి. దండం పెట్టినప్పుడు చూళ్ళేక అటు తిరిగి నించున్నానండి. కానీ నిన్న వంతు శివారు వాళ్ళదండి. వాళ్ళ చేలు ఇంతకంటే ఎండిపోతున్నాయి." ఆ మాటంటుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల మాత్రం దించలేదు.

ఇంజనీరు గారి కలం ఆగింది. "ఇదంతా రాసిస్తారా?" అని పెద్దాయన్ని అడిగారు.

"రాసే తెచ్చేనండి. వెంకన్న మీద ఒట్టు, ఒక్క ముక్క అబద్ధం లేదు." జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చారాయన.

ఉదయభాస్కర్ గారు దాన్ని రెండుసార్లు చదివారు. "అన్నీ రాశారు. ఈవిణ్ణి మార్చమని మాత్రం రాయలేదే?"

"మార్చమని నేనెందుకు రాస్తానండి? నీళ్ళివ్వలేదని రాసేను, అంతే. గదమాయిస్తే భయపడిపోతుందని మీకు అర్జీ ఇచ్చేరట. దానికి నాది కూడా జత చేసి కుట్టెయ్యండి." పెద్దాయన కండువా భుజం మీదకి వేసుకున్నారు. "నలభై ఏళ్ళుగా ఈ కాలవ కింద వ్యవసాయం చేస్తున్నానండి. నా కేక్కి షట్టరు ఎత్తని మగ లస్కరు ఒక్కడూ లేడు. ఎత్తనిది ఈ లస్కరు గారు ఒక్కరే."

ఇంజనీరు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూశారు. తర్వాత సగం రాసిన ఉత్తర్వు చింపి బుట్టలో పడేశారు.

"ఇవాళ కూడా శివారు వంతేగా? వెళ్ళి నీ తూము చూసుకోమ్మా," అన్నారు. ఈసారి తల ఎత్తి, ఆమె ముఖం చూసి చెప్పారు.

వెంకటదుర్గకి ఆ ఉద్యోగం నిజంగా తనదేనని మొదటిసారి అనిపించింది. బల్ల మీది తూము తాళాలు తీసుకుని, ఇంజనీరు గారికి నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

మెట్ల దగ్గర పెద్దాయన ఆమె కోసం ఆగి ఉన్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"డ్యూటీ అయ్యేక ఓసారి ఇంటికి రామ్మా దుర్గా. నిన్ను అన్నేసి మాటలన్నానని తెలిసి, మీ అమ్మ నిన్నట్నుంచి నాకు అన్నం పెట్టడం మానేసింది."