మగపెళ్లివారి పెద్దాయన

"ముందు మీరు కూర్చోండి బాబాయిగారూ."

స్టెల్లా ఆ పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, షామియానా కింద మంచి కుర్చీ చూసి కూర్చోబెట్టింది.

సూర్యలంక దగ్గర ఉప్పుటేటి ఒడ్డు. శనివారం పొద్దున. తెనాలి నుంచి ఆడపెళ్లివారు ఒక కారులో వచ్చారు. రేపల్లె నుంచి మగపెళ్లివారు రెండు కార్లలో దిగారు. నీరజకీ వినయ్ కుమార్‌కీ ఈమధ్యే నిశ్చితార్థం అయింది. పెళ్లిలోగా అందరూ కలిసి ఒక రోజు బోటు షికారు చేయాలన్నది కాబోయే దంపతుల ముచ్చట.

ముచ్చట వాళ్లది, చాకిరీ నీరజ తల్లి స్టెల్లాది.

టిఫిన్ పెట్టగానే పెద్దాయన పెదవి విరిచాడు.

"ఇడ్లీ చల్లారిపోయిందమ్మా."

స్టెల్లా నవ్వుతూ ఇంకొంచెం కారప్పొడి వడ్డించింది. భర్త దగ్గరికి వచ్చాక ఆ నవ్వు తీసేసింది.

"కోడి కూయకముందు లేచి చేశానండి."

"ఊరుకో. మగపెళ్లివారి పెద్దాయన," అన్నాడు ఎబినేజర్.

ఊరుకోమన్నవాడికీ వంతు వచ్చింది.

"కారు ఎండలో పెట్టారేంటి బాబూ? నీడకి జరపండి."

జరిపాడు.

"ఇంకొంచెం."

మళ్లీ జరిపాడు. పళ్లు నూరుకోవడం మాత్రం కారు అద్దాలు పైకెత్తాకే.

బోట్ల దగ్గర జనం బారులు తీరారు. వీళ్ల వంతు రాకముందే భోజనాల వేళ అయింది. పెద్దవారు కదా అని ప్రార్థన ఆయన్నే చేయమన్నారు. ఆయన అటూ ఇటూ చూసి కళ్లు మూసుకున్నాడు.

"అందరినీ చల్లగా చూడు తండ్రీ," అని, వెంటనే కళ్లు తెరిచి చేపల పులుసు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

'రేపల్లెవాళ్ల భక్తి ఇంతేనా' అనుకున్నాడు ఎబినేజర్. తనైతే సంఘంలో ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారేదాకా ఆపని మనిషి.

చివరికి వంతు వచ్చింది. ఇద్దరు కూర్చునే తెడ్డు బోటు. నీరజ, వినయ్ సంబరంగా ఎక్కారు.

"ఆగండి. తాడు కట్టాలి," అన్నాడు పెద్దాయన.

"తాడెందుకు తాతగారూ? లైఫ్ జాకెట్లు వేసుకున్నాంగా," అన్నాడు వినయ్.

"నీళ్లు కదా బాబూ."

బోటు కుర్రాళ్లని సతాయించి పొడుగాటి నైలాన్ తాడు తెప్పించాడు. ఒక కొస బోటుకి కట్టించి, రెండో కొస తన చేతికి చుట్టుకుని ఒడ్డున కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఇక తాడు ఎంత దూరమో షికారు అంత దూరం. కాబోయే దంపతులు కట్టేసిన మేకల్లా అక్కడక్కడే తిరుగుతున్నారు. పక్క బోట్లవాళ్లు చూసి నవ్వుతున్నారు.

ఎబినేజర్‌కి ఒళ్లు మండిపోయింది.

"పెళ్లికి ముందే పలుపు వేశారు. రేపు మన పిల్లని పుట్టింటికైనా పంపుతారంటావా?"

స్టెల్లాకీ అదే దిగులు. ఒక్కగానొక్క కూతురు.

ఇక లాభం లేదని ఎబినేజర్ వియ్యంకుడి దగ్గరికి నడిచాడు.

"ఫ్రాన్సిస్ బావగారూ, ఆ తాడు..."

"నాకూ బాగాలేదు బావగారూ. కానీ పెద్దాయన్ని ఏమంటాం?"

ఇద్దరూ కక్కలేక మింగలేక నిలబడ్డారు. నీరజ బోటులోంచి తండ్రి వైపు దీనంగా చూసింది. దాంతో ఎబినేజర్ మొహమాటం వదిలేసి ఒడ్డుకి వెళ్లాడు.

"తాడు ఇలా ఇవ్వండి బాబాయిగారూ. కాసేపు నేను పట్టుకుంటా."

పెద్దాయన తలెత్తి చూశాడు.

"మీరు వదిలేస్తారు బాబూ."

ఎబినేజర్ నిజంగా అదే అనుకున్నాడు. ఆ కోపంతో తాడు మీద చెయ్యి వేశాడు.

అప్పుడే ఆటు మొదలైంది. ఏటి నీళ్లన్నీ సముద్రం వైపు లాగసాగాయి. బోటు గిర్రున తిరిగింది. వినయ్ ఎంత తెడ్డు వేసినా అది ఏరు సముద్రంలో కలిసే మొగ వైపే పోతోంది. నీరజ కేక పెట్టింది.

తాడు బిగుసుకుంది. కుర్చీ తిరగబడింది. పెద్దాయన మోకాళ్ల మీద పడి, నడుము లోతు నీళ్లలోకి ఈడ్చుకుపోయాడు. తాడు మాత్రం వదలలేదు. ఎబినేజర్, ఫ్రాన్సిస్ దూకి తాడందుకున్నారు. ముగ్గురూ లాగితే బోటు ఒడ్డుకొచ్చింది.

"స్తోత్రం తండ్రీ, స్తోత్రం," అంటూ స్టెల్లా కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది. అందరూ పిల్లల చుట్టూ మూగారు. ఆ తర్వాత అక్కడ ఒక్క క్షణం ఉండబుద్ధి కాలేదు.

"పెద్దాయన కారెక్కారా?" దారిలో అడిగింది స్టెల్లా.

"వాళ్లకి రెండు కార్లున్నాయిగా. ఎక్కే ఉంటారు."

ఆదివారం ఆరాధన అయ్యాక ఎబినేజర్ రేపల్లెకి ఫోన్ చేశాడు. రాత్రంతా సిగ్గుతో నిద్ర పట్టలేదు.

"బావగారూ, మీ పెద్దాయన చేతులు ఎలా ఉన్నాయి? తాడు కోసుకుని నెత్తురు కారడం చూశాను. ఒక్క మంచి మాట కూడా చెప్పకుండా వచ్చేశాను."



"మా పెద్దాయనేంటి బావగారూ? స్టెల్లా వదినగారు చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెడితే మీవారనుకున్నాం. లేకపోతే ఆ తాడు ఎప్పుడో విప్పించేవాణ్ణి."

ఎబినేజర్ అన్నం కూడా తినకుండా సూర్యలంక వెళ్లాడు. బోటు కుర్రాడు గుర్తుపట్టాడు.

"ఆ తాతగారా సార్? ఊరూ పేరూ తెలీదండి. ఒక్కరే బస్సు దిగి వచ్చారు. ఎన్నాళ్లనుంచో బోటెక్కాలని ఉందంట. తోడు లేకుండా పెద్దవాళ్లకి ఇవ్వమండి అని చెప్పాం. పాపం, అలాగే నిలబడిపోయారు. అంతలో మేడంగారొచ్చి చెయ్యి పట్టుకున్నారు కదండి, 'తోడు దొరికారు, నా టికెట్టు ఉంచు బాబూ' అని నాతో చెప్పి మీతో వచ్చారు సార్."